1, 2, 6, 23, 103 వచ్చింది: నా ఫలితం పాతదేనా? ఏడు నోటుబుక్కులు ఎలా సర్దుకోవాలి?

ముందు ప్రశ్న ఏమిటో రెండు మాటల్లో. ప్రొద్దుటూరు వైపు డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతూ పార్ట్‌టైంగా పీహెచ్‌డీ చేస్తున్న ఒక లెక్చరర్ అడిగారు. ఒక షరతు పెట్టుకొని, దానికి లోబడే ప్రస్తారాలు (1, 2, 3 అంటూ ఉన్న అంకెలను వరుస మార్చి పేర్చిన అమరికలు) ఎన్నో చేత్తో లెక్కిస్తే పొడవు 1 నుంచి 5 దాకా 1, 2, 6, 23, 103 వచ్చాయి. పూర్ణాంకాల అనుక్రమాల ఆన్‌లైన్ ఎన్‌సైక్లోపీడియా, అంటే అందరూ ఓఈఐఎస్ అనేదాంట్లో కొడితే ఇవే అంకెలతో మొదలయ్యేవి చాలా కనిపించాయి. అయితే ఈ పని ఎవరో చేసేసినట్టేనా? రెండోది, ఏడు నోటుబుక్కులు నిండాయి, ఏ లెమ్మా (పెద్ద నిరూపణకు మెట్టుగా వాడే చిన్న ఫలితం) ఎక్కడ రాసుకున్నారో దొరకడం లేదు, ఎలా సర్దుకోవాలి?

సూటిగా చెప్పేస్తాను. ఆ ఐదు అంకెలతో మీ పని పాతదని తేలదు, కొత్తదనీ తేలదు. ఆరో అంకె, ఏడో అంకె కావాలి. ఎందుకు కావాలో అర్థమైతే నోట్సు ఎలా సర్దాలో కూడా సగం తెలిసిపోతుంది.

ఒక ప్రస్తారంలోంచి ఏవైనా నాలుగు పదాలు తీసుకొని, వాటి మధ్య చిన్నా పెద్దా వరుస చూస్తే అది 1324 లాగా ఉందనుకోండి. అప్పుడు ఆ ప్రస్తారంలో 1324 నమూనా ఉందంటాం. అలా ఎక్కడా లేకపోతే 1324ను తప్పించిందంటాం. ఇప్పుడు నాలుగు అంకెల నమూనా ఏదైనా ఒకటి తీసుకోండి. పొడవు 4 దగ్గర మొత్తం 24 ప్రస్తారాలు, వాటిలో పోయేది ఆ నమూనా ఒక్కటే, మిగిలేవి 23. పొడవు 5 దగ్గర 120 ప్రస్తారాలు. వాటిలో మన నమూనా ఉన్నవి, అది 1234 అయినా 1342 అయినా ఇంకేదైనా, ఖచ్చితంగా 17. నమూనా పొడవు వర్గానికి 1 కలిపితే వచ్చే సంఖ్య ఇది, నమూనా ఏదన్నదానితో దీనికి పని లేదు. 120లోంచి 17 తీసేస్తే 103. అంటే నాలుగు అంకెల నమూనా ఒక్కదాన్ని తప్పించే ఏ లెక్కకైనా 1, 2, 6, 23, 103 రాక తప్పదు. మీ దగ్గరున్న ఐదు అంకెలూ మీ షరతు గురించి మీకు ఇంకా ఏమీ చెప్పలేదు.

దారులు విడిపోయేది ఆరో అంకె దగ్గర. 1342ను తప్పించేవి పొడవు 6లో 512, పొడవు 7లో 2740. 1234ను తప్పించేవి 513, 2761. 1324ను తప్పించేవి 513, 2762. చివరి రెండింటినీ గమనించండి. ఆరో పదం దాకా ఒకటే, 5040 ప్రస్తారాలున్న పొడవు 7 దగ్గర తేడా ఒక్కటంటే ఒక్కటి. ఎనిమిదో పదం దగ్గర 15767, 15793 అయి దూరం కొంచెం పెరుగుతుంది. ఆరు అంకెలు చూసి "ఇది 1234 తరగతే" అని పేపర్లో రాసేసినవాళ్లు ఏడో అంకె దగ్గర దెబ్బతింటారు. నాలుగు అంకెల నమూనాలు 24 ఉన్నా, తిప్పి చదవడం, తలకిందులు చేయడం, విలోమం తీయడం లాంటి సౌష్ఠవాలతో అవి 7 గుంపులవుతాయి, లెక్క ప్రకారం చూస్తే ఈ మూడే తరగతులవుతాయి. ఇక మీ షరతు నమూనాలకు సంబంధించినదే కాకపోతే, ఆ ఐదు అంకెలతో మొదలయ్యే వేరే వరుస కూడా కావచ్చు.

ఈ మూడింటి స్థితి ఒకలాంటిది కాదు. 1234కు గణితజ్ఞుడు గెసెల్ 1990లో సూత్రం ఇచ్చారు. 1342ను మరో గణితజ్ఞుడు బోనా 1997లో పూర్తిగా తేల్చారు. 1324కు ఇవాళ్టికీ సూత్రం లేదు. పొడవు 50 దాకా అంకెలు లెక్కించారు, పెరుగుదల రేటు (పొడవు ఒకటి పెరిగితే లెక్క చివరికి సుమారు ఎన్ని రెట్లవుతుందో) 10.27కూ 13.5కూ మధ్య ఉంటుందని నిరూపించారు, అంతవరకే. కాబట్టి మీ ఏడో అంకె 2762 అయితే రెండు సంగతులు గుర్తుంచుకోండి. మీ వస్తువులకూ 1324ను తప్పించే ప్రస్తారాలకూ ద్విగుణ ప్రమేయం (ఒకదానికొకటి జత కుదిర్చే పద్ధతి) దొరికితే అది మంచి ఫలితం, పాతది కాదు. నేరుగా విలువ ఇచ్చే సూత్రం కోసం మాత్రం థీసిస్ గడువు పెట్టుకొని కూర్చోకండి, చాలామంది గట్టివాళ్లు అక్కడ ఏళ్ల తరబడి ఆగిపోయారు.

ఇప్పుడు ఆ అంకెలు తీయడం. చేత్తో పొడవు 5 దాటవద్దు, 720 ప్రస్తారాల్లో ఒకటి జారిపోయినా పట్టుకోలేరు. రెండు ప్రోగ్రాములు రాయండి, రెండూ ఒకదాన్నొకటి చూడకుండా. మొదటిది మొద్దుది: నిర్వచనం ఎలా ఉందో అలాగే, అన్ని ప్రస్తారాలనూ, ఒక్కోదాంట్లో అన్ని నాలుగేసి పదాల ఎంపికలనూ చూసేది. పొడవు 8కి 40320 ప్రస్తారాలు, ఒక్కోదాంట్లో 70 ఎంపికలు, మామూలు ల్యాప్‌టాప్ మీద పైథాన్‌కు ఇదేమీ బరువు కాదు. రెండోది తెలివైనది: పొడవు 9 దాకా షరతుకు నిలిచినవాటిని మాత్రమే తీసుకొని, వాటిలో కొత్త గరిష్ఠ సంఖ్య 10ని పది చోట్లా చొప్పించి చూసేది. 1324కే అయితే పొడవు 9లో నిలిచేవి 94776, అంటే పరీక్షించాల్సినవి 36 లక్షల పైచిలుకు కాదు, 947760 మాత్రమే. పైగా కొత్తగా నమూనా పుట్టిందంటే అందులో 10 ఉండి తీరాలి గనక 210 ఎంపికల బదులు 84 చూస్తే సరిపోతుంది.

ఈ రెండో ఉపాయానికి ఒక షరతుంది, చాలామంది మరిచేది ఇదే. పెద్ద వస్తువులోంచి గరిష్ఠ సంఖ్యను తీసేస్తే మిగిలింది కూడా మీ షరతుకు లోబడాలి. అది నిజం కాని షరతులున్నాయి. ఉదాహరణకు "పక్కపక్కనే ఉన్న పదాల్లో ఫలానా వరుస రాకూడదు" అన్న తరహావి: మధ్యలోది తీసేస్తే దూరంగా ఉన్నవి పక్కకొచ్చి కొత్త తప్పు పుట్టించవచ్చు. అక్కడ ఈ ఉపాయం వాడితే లెక్క తక్కువ వస్తుంది, ప్రోగ్రాం మాత్రం ఏ ఫిర్యాదూ చేయదు. మొద్దు ప్రోగ్రాంతో 8 దాకా పోల్చి చూడమనేది అందుకే.

తూకం వేసే ముందు తక్కెడ సరిచూసినట్టు, రెండు ప్రోగ్రాములనూ ముందు తెలిసిన లెక్క మీద నడపండి. నమూనాగా 231 పెడితే 1, 2, 5, 14, 42, 132, 429 రావాలి. రాకపోతే తప్పు సాధారణంగా స్థానాలను 0 నుంచి లెక్కిస్తున్నారో 1 నుంచో కలగాపులగమవడంలో ఉంటుంది. స్థానాల నమూనాకూ విలువల నమూనాకూ తేడా మరిచి విలోమాన్ని పరీక్షించే తప్పు మాత్రం దీంతో పట్టుబడదు, 231 విలోమమైన 312కూ ఇవే అంకెలు వస్తాయి. ఇంకొకటి జ్ఞాపకం పెట్టుకోండి. పైథాన్‌లో ప్రస్తారాలన్నిటినీ ముందే ఒక లిస్టులో పోసుకోవద్దు. పొడవు 11కి అవి 39916800, ఒక్క ఆ లిస్టుకే 5 జీబీకి పైనే పడుతుంది, యంత్రం బిగుసుకుపోతుంది. ఒక్కొక్కటే పుట్టించి, చూసి, వదిలేయాలి.

ఇదంతా ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, కాంబినేటరిక్స్‌లో (ఎన్ని రకాలుగా కుదురుతుందో లెక్కించే గణితంలో) ఒకే వస్తువు పది పేర్లతో తిరుగుతుంది. గుంతకల్లు యార్డు ఊహించుకోండి. 1, 2, 3 అని వరుసగా వ్యాగన్లు వస్తున్నాయి, పక్కన ఒకవైపు మూసుకుపోయిన సైడింగ్ ఉంది, చివర దూరింది ముందు బయటికి వస్తుంది. మూడు వ్యాగన్లను ఆరు వరుసల్లో ఐదింటిలోనే బయటికి పంపగలం, 3, 1, 2 కుదరదు. నాలుగైతే 24లో 14, ఐదైతే 120లో 42. మూడు జతల బ్రాకెట్లను సరిగ్గా మూసే పద్ధతులూ ఐదే, పంచభుజిని కర్ణాలతో త్రిభుజాలుగా కోసే పద్ధతులూ ఐదే, మూడు శీర్షాల బైనరీ వృక్షాలూ ఐదే. ఇవన్నీ కాటలాన్ సంఖ్యలు. రిచర్డ్ స్టాన్లీ 2015లో ఇలాంటి వివరణలు 214 పోగుచేసి ప్రచురించారు. బ్రాకెట్ల మీద పేపర్ రాసినవారికి వ్యాగన్ల మాట తట్టదు, వ్యాగన్లవారికి బహుభుజులు తట్టవు. పేరుతో వెతికితే ఒకరికొకరు దొరకరు. 1, 2, 5, 14, 42 అని వెతికితే అందరూ ఒకేచోట దొరుకుతారు.

ఈ ఆలోచన మనకు పరాయిది కాదు. ఛందస్సులో ప్రత్యయాలు చదువుకున్నవారికి ఉద్దిష్టం తెలుసు: ఒక వృత్తాన్ని ఇస్తే అది ప్రస్తారంలో, అంటే ఇక్కడ గురులఘువుల అమరికలన్నీ వరుసగా రాసిన పట్టికలో, ఎన్నోదో చెప్పడం. ఉత్పలమాల తీసుకోండి, భ ర న భ భ ర వ, 20 అక్షరాలు. 2, 3, 5, 7, 8, 9, 11, 12, 14, 15, 17, 19 స్థానాల్లో లఘువులు. మొదటి స్థానానికి 1, రెండోదానికి 2, మూడోదానికి 4, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోయి లఘువుల విలువలు మాత్రం కూడితే 355798, ఒకటి కలిపితే 355799. ఇరవై అక్షరాల కృతి ఛందస్సులో ఉన్న 1048576 వృత్తాల్లో ఉత్పలమాల 355799వది. ఎవరు ఏ పేరుతో పిలిచినా ఆ సంఖ్య మారదు.

అక్కడితో ఆగదు. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులు చేస్తే చంపకమాల అవుతుందని పద్యాలు రాసేవారందరికీ తెలుసు. చంపకమాల సంఖ్య 711600. 355799ని రెట్టించి 2 కలపండి, సరిగ్గా అదే. శార్దూలం 149337, మొదటి గురువును విడగొడితే మత్తేభం, దాని సంఖ్య 298676. మళ్లీ రెట్టించి రెండు కలపడమే. రెండు జతల మధ్య ఉన్న బంధం ఒకటేనని పేర్లు చెప్పవు, సంఖ్యలు చెబుతాయి. మీ నోటుబుక్కులకు కావాల్సింది సరిగ్గా ఇలాంటి సూచిక.

ఓఈఐఎస్‌లో వెతకడానికి కొన్ని కిటుకులు. నీల్ స్లోన్ 1964లో చీటీల మీద మొదలుపెట్టిన ఈ సేకరణ 1973లో 2372 వరుసల పుస్తకమైంది, ఇప్పుడు 3.5 లక్షలు దాటింది. మొదటి రెండు మూడు పదాలు వదిలేసి వెతకండి, ఎందుకంటే ఖాళీ వస్తువును లెక్కించాలా వద్దా అన్నదాంట్లో రచయితలు వేరు, ముందు 0 ఉంటుందో 1 ఉంటుందో చెప్పలేం. కనీసం ఆరు పదాలు ఇవ్వండి. దొరక్కపోతే అన్నిటికీ ఉన్న సామాన్య గుణకంతో భాగించి వెతకండి, పక్కపక్క పదాల భేదాలతో వెతకండి, వస్తువులకు పేర్లు పెట్టి లెక్కించి ఉంటే క్రమగుణితంతో భాగించి చూడండి. వస్తువులను అంచుల సంఖ్య ప్రకారమో, అవరోహణల (పక్క పదం చిన్నదయ్యే చోట్ల) సంఖ్య ప్రకారమో విడగొట్టి త్రిభుజంలా వరుసలు పేర్చి, వాటిని కలిపి చదివి వెతకడం ఇంకా బలమైనది. ఎందుకంటే మొత్తం 6 అన్నది ఏమీ చెప్పదు. అదే పొడవు 3 ప్రస్తారాలను విలోమ జతల (పెద్దది చిన్నదానికి ముందు వచ్చే జతల) ప్రకారం విడగొడితే 1, 2, 2, 1 వస్తుంది, అవరోహణల ప్రకారం విడగొడితే 1, 4, 1 వస్తుంది. ఈ రకం విభజనలను వెతికి పెట్టడానికే ఫైండ్‌స్టాట్ అనే డేటాబేస్ ఉంది. మీ వస్తువుల మీద మీ విలువలు ఇస్తే, తెలిసిన ఏ ప్రమేయాల గుండా ఏ గణాంకానికి చేరుతుందో చూపిస్తుంది. నమూనాలను తప్పించే తరగతులకు పెర్మ్‌పాల్, గ్రాఫ్‌లకు (చుక్కలు, వాటిని కలిపే గీతలు ఉన్న పటాలకు) హౌస్ ఆఫ్ గ్రాఫ్స్ చూడండి.

ఓఈఐఎస్‌లో లేదు కాబట్టి కొత్తది అనుకోవద్దు. ఎవరూ అంకెలు ఎక్కించి ఉండకపోవచ్చు. అప్పుడు పేపర్లలో వెతకాలి. ఇక్కడ పేర్ల బెడద మళ్లీ వస్తుంది: హైపర్‌గ్రాఫ్‌ల వాళ్లు ట్రాన్స్‌వర్సల్ అనేదాన్ని కంప్యూటర్ సైన్స్ వాళ్లు హిట్టింగ్ సెట్ అంటారు, గ్రాఫ్‌ల వాళ్లకు దాని ఒక రూపమే వర్టెక్స్ కవర్. మూడు పేర్లతోనూ వెతకాలి. జెడ్‌బీమ్యాథ్ ఓపెన్ 2021 నుంచి అందరికీ ఉచితం, చందా ఉన్న పెద్ద లైబ్రరీ అక్కర్లేదు. దాంట్లో విషయ సంకేతంతో వెతకండి: ప్రస్తారాలకు 05ఎ05, ఖచ్చిత గణనకు 05ఎ15, డామినేషన్‌కు 05సి69, లేబెలింగ్‌కు 05సి78. మీ విషయంలో అతి పాత పేపర్ ఒకటి పట్టుకొని, దాన్ని ఉదహరించిన పేపర్లన్నీ పైనుంచి కిందికి చదవడం అన్నిటికన్నా ఫలమిచ్చే పద్ధతి. గణితజ్ఞుడు పాల్ ఎర్డోష్ వేసిన ప్రశ్నలను థామస్ బ్లూమ్ ఒక వెబ్‌సైటులో చేర్చారు. అందులో తేలనివిగా గుర్తు పెట్టి ఉన్న కొన్నింటికి పాత పేపర్లలోనే జవాబులున్నాయని 2025లో బయటపడింది. అంత మంది కళ్లు పడిన జాబితాలోనే అలా జరిగిందంటే మన వెతుకులాట ఎంత ఓపికగా ఉండాలో ఊహించండి. ఏఐ చాట్ సాధనాలను వెతకడానికి వాడొచ్చు, వేరే పేర్లు తట్టించడంలో మేలు చేస్తాయి. కానీ లేని పేపర్లను ఉన్నట్టు చెప్పడం వాటికి మామూలు. మీరు తెరిచి, సిద్ధాంతం సంఖ్య మీ కళ్లతో చూసేదాకా ఏదీ నోట్సులోకి ఎక్కించవద్దు.

ఒక హెచ్చరిక, ముఖ్యంగా డామినేషన్ మీద పనిచేసేవారికి. గళ్ల గ్రాఫ్ డామినేషన్ సంఖ్యకు (ప్రతి గడీ ఎంచుకున్నదో, దాని పక్కదో కావాలంటే ఎంచాల్సిన కనీస గళ్ల సంఖ్య) చాంగ్ ఊహించిన సూత్రం ఉంది: రెండు పక్కలకూ 2 చొప్పున కలిపి, గుణించి, 5తో భాగించి, భిన్నం వదిలేసి, 4 తీసేయడం. చిన్న పక్క 16 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఇది నిజమని గొన్‌సాల్వెస్, పిన్లూ, రావ్, తొమాసె 2011లో నిరూపించారు. చదరపు గళ్లకు 7 నుంచి 12 దాకా కూడా అంకెలు సూత్రంతో సరిపోతాయి. 13 దగ్గర సూత్రం 41 అంటుంది, నిజం 40. ఆరు వరస విలువలు సరిపోయాయని గణితానుగమనం మొదలుపెట్టేవారు 13 దగ్గర ఎందుకు ఆగిపోయారో తెలియక నెలలు పోగొట్టుకుంటారు.

ఇక నోట్సు. ఏడు నోటుబుక్కులనూ మళ్లీ ఎత్తిరాయాలనుకోకండి, మూడో పుస్తకం దగ్గర విసుగొచ్చి వదిలేస్తారు. పేజీలకు నంబర్లు వేయండి, మూడో బుక్కు 47వ పేజీ అంటే 3-47. తర్వాత ఒక సూచిక ఫైలు తెరవండి. అధ్యాయాల వారీగా, విషయాల వారీగా పెట్టకండి. మూడు శీర్షికలు చాలు: సంఖ్య, సాధనం, అడ్డంకి.

సంఖ్య కింద మీరు లెక్కించిన ప్రతి వరుసా, మూడో పదం నుంచి మొదలుపెట్టి, అంకెల క్రమంలో. 6, 23, 103 అని ఒక పంక్తి, పక్కన 3-47, 5-12. ఏడాది తర్వాత వేరే పనిలో మళ్లీ 6, 23, 103 వస్తే పంక్తి చూడగానే పాత పేజీ దొరుకుతుంది.

సాధనం అన్న శీర్షికే నా దృష్టిలో ప్రాణం. కాంబినేటరిక్స్ బయటివారికి సంబంధం లేని చిల్లర ప్రశ్నల పోగులా కనిపిస్తుంది. దాన్ని కలిపి ఉంచేది పెద్ద పెద్ద సిద్ధాంతాల గోపురం కాదు, మళ్లీ మళ్లీ పనికొచ్చే పద్ధతులని టిమొతీ గవర్స్ 2000లో ఒక వ్యాసంలో వాదించారు, అది పూర్తిగా నిజం. కాబట్టి ప్రతి నిరూపణను దాన్ని నడిపిన పద్ధతి కింద ఎక్కించండి: ఒకే సమితిని రెండు రకాలుగా లెక్కించడం, పావురాల గూడు, అతి పెద్దదాన్ని ఎంచుకొని వైరుధ్యం తేవడం, యాదృచ్ఛికంగా ఎంచి సగటు తీయడం, సదిశల స్వతంత్రతతో హద్దు వేయడం, గుర్తు మార్చే ఇన్వల్యూషన్ (రెండుసార్లు చేస్తే మొదటికొచ్చే ప్రమేయం). ఇలా పెట్టుకుంటే లాభమేమిటో 2016లో కనిపించింది. నాలుగు అవశేషాల సమూహాల్లో అంకశ్రేఢులు లేని సమితుల మీద క్రూట్, లెవ్, పాక్ ఒక బహుపది పద్ధతి బయటపెట్టారు. కొద్ది రోజుల్లోనే ఎల్లెన్‌బర్గ్, గైస్‌వైట్ ఎవరికి వారు అదే పనిముట్టును పక్కనున్న క్యాప్ సెట్ ప్రశ్న (మూడు అవశేషాలతో అదే ప్రశ్న) మీద వాడి, సమితి పరిమాణం మీద హద్దును 3^n దరి నుంచి 2.756^n దరికి దించారు, ఇక్కడ n అంటే కొలతల సంఖ్య. సూచికలో ఆ రెండు ప్రశ్నలూ ఒకే శీర్షిక కింద ఉన్నవారికే అంత త్వరగా తడుతుంది.

అడ్డంకి కింద విఫలమైన ప్రయత్నాలు. "కుదరలేదు" అని రాస్తే పనికిరాదు. ఏ మెట్టు దగ్గర, ఏ అతి చిన్న ఉదాహరణ వల్ల విరిగిందో రాయండి. "విలోమం తీసే ప్రమేయం పొడవు 5 దాకా ఒకటికొకటి, పొడవు 6లో రెండు వస్తువులు ఒకేచోట పడ్డాయి, అవి ఇవి" అన్నంత ఖచ్చితంగా. దీని పక్కనే ప్రత్యుదాహరణల చిన్న పెట్టె ఒకటి. గ్రాఫ్‌ల వారికైతే పీటర్సన్ గ్రాఫ్ మొదట ఉండాలి: 10 శీర్షాలు, 15 అంచులు, ప్రతి శీర్షం దగ్గర 3 అంచులు, హామిల్టన్ వలయం (శీర్షాలన్నిటినీ ఒక్కోసారి తాకి మొదటికొచ్చే దారి) లేదు, అంచులకు 4 రంగులు కావాలి, డామినేషన్ సంఖ్య 3. కొత్త ఊహ ఏది పుట్టినా ముందు ఈ పెట్టె మీద నడిపి చూడండి, సగం ఊహలు అక్కడే పోతాయి.

రెండుసార్లు అవసరపడిన ఫలితానికి మాత్రమే విడిగా చీటీ రాయండి, ఒక పేజీ మించకుండా. చీటీ మీద ఉండాల్సినవి: షరతులన్నీ సహా పూర్తి వాక్యం, అతి చిన్న అసలైన ఉదాహరణ, మొదటి ఎనిమిది అంకెలు, నిరూపణను నడిపే ఆలోచన మూడు పంక్తుల్లో, ఒక్కో షరతు నిరూపణలో ఎక్కడ వాడారో, ఆ షరతు తీసేస్తే ఏ ఉదాహరణ పాడుచేస్తుందో, ఎక్కడ నుంచి తీసుకున్నారో. చివరిది అజాగ్రత్తగా రాయకండి. ఆర్కైవ్‌లో (పేపర్లు ముందుగా పెట్టే వెబ్‌సైటులో) ఒకే పేపర్ మొదటి రూపానికీ మూడో రూపానికీ సిద్ధాంతాల సంఖ్యలు మారతాయి, జర్నల్లో మళ్లీ మారతాయి. ఏ రూపంలో ఎన్నో సిద్ధాంతమో రాయకపోతే థీసిస్ రాసేటప్పుడు మళ్లీ మొదటికొస్తారు.

ఒకే సిద్ధాంతాన్ని నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. వాటిలో ఒకటి ఉంచి మిగతావి కొట్టేయకండి. మీ కడపలోనే సి.పి. బ్రౌన్ చేసిన పని చూడండి. ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ తెప్పించి, పండితుల చేత పక్కపక్కన పెట్టి చదివించి, పాఠాంతరాలు గుర్తించి శుద్ధప్రతి తయారుచేయించారు. చీటీలోనూ అదే పద్ధతి: మీరు వాడే వాక్యం పైన, పాఠాంతరాలు కింద, ఒక్కోటి ఏ షరతు విషయంలో బలమైనదో ఒక ముక్క. అసమానతలో సమానత్వం కూడా చేర్చారా లేదా అన్న చిన్న తేడా దగ్గరే నిరూపణలు ఎక్కువగా కూలుతాయి.

సాఫ్ట్‌వేర్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. సాదా టెక్స్ట్ ఫైళ్లు, పేపర్లకు జొటేరో, మార్పుల చరిత్రకు గిట్, వారానికోసారి పెన్‌డ్రైవ్ మీద ఒక కాపీ. ఏ యాప్ పదేళ్లు బతుకుతుందో తెలియదు, టెక్స్ట్ ఫైలు బతుకుతుంది. లెక్కల విషయంలో మాత్రం ఒక నియమం: ఫలితాన్ని భద్రపరచండి, పుట్టించిన సరుకునంతా భద్రపరచకండి. బ్రెండన్ మెకే రాసిన నాటీ ప్యాకేజీలో గ్రాఫ్‌లు పుట్టించే ప్రోగ్రాం గెంగ్‌తో 10 శీర్షాల సంధాన (విడి ముక్కలు కాని) గ్రాఫ్‌లు పుట్టిస్తే 11716571 వస్తాయి, గ్రాఫ్6 రూపంలో ఒక్కోటి పది బైట్లు, మొత్తం సుమారు 117 ఎంబీ, దాచుకోవచ్చు. 11 శీర్షాలకు అవి 1006700565, 12 జీబీ దాటుతుంది. వాటిని ఫైలులో దాచకుండా నేరుగా మీ పరీక్షా ప్రోగ్రాంలోకి పంపి, షరతు దాటినవి మాత్రం రాసుకోండి. పక్కనే ఏ ఆదేశంతో నడిపారో, ఏ వెర్షనో, ఎంతసేపు పట్టిందో రాయండి. కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి నడపాల్సిన అవసరం లేకుండా గెంగ్‌కు పనిని భాగాలుగా విడగొట్టే సదుపాయం ఉంది, వంద భాగాలు చేసి ఒక్కోటీ పూర్తి కాగానే దాని మొత్తం ఒక పంక్తిలో నమోదు చేయండి. చివర అన్ని భాగాల మొత్తమూ 1006700565 కావాలి, కాకపోతే ఏదో భాగం జారింది.

థీసిస్ దశకు వచ్చాక లెమ్మాల మధ్య బాణాల పటం ఒకటి గీయండి, ఏది దేని మీద నిలబడిందో. 2023లో గవర్స్, గ్రీన్, మానర్స్, టావో ఒక పెద్ద ఊహను నిరూపించినప్పుడు, ఆ నిరూపణను లీన్ భాషలో కంప్యూటర్ చేత సరిచూపించడం సుమారు మూడు వారాల్లో అయిపోయింది. ఇలాంటి పటం ముందే ఉండడం వల్ల చాలామంది ఒక్కో లెమ్మా పట్టుకొని విడివిడిగా పనిచేయగలిగారు. మీకు లీన్ రానక్కర్లేదు. కాగితం మీద గీసినా, రెండుసార్లు సరిచూసిన లెమ్మాకు ఆకుపచ్చ, ఒకసారి చూసినదానికి పసుపు పెడితే చాలు. ఆకుపచ్చ పెట్టిన లెమ్మా పసుపు పెట్టిన లెమ్మా మీద నిలబడి ఉంటే ఆ బాణం ఎదురుగా కనిపిస్తుంది, గైడు దగ్గరికి వెళ్లే ముందు సరిచూడాల్సింది ఆ పసుపు లెమ్మానే.

ఈ వారం చేయాల్సింది ఆరో అంకె, ఏడో అంకె. 512, 2740 వస్తే బోనా పేపర్ తెరిచి మీ వస్తువులకు అక్కడి నిర్మాణం సరిపోతుందేమో చూడండి. 513 వస్తే ఏడోది వచ్చేదాకా ఎటూ తేల్చకండి. అది 2761 అయినా 2762 అయినా తేడా ఒక్కటే గనక, మొద్దు ప్రోగ్రాం కూడా అదే అంకె చెప్పాకనే మొదటి చీటీ మీద ఎక్కించండి. రెండూ కాని వేరే అంకె వచ్చి, రెండు ప్రోగ్రాములూ దానికే ఒప్పుకుంటే, ఆ షరతు పూర్తి వాక్యంతో, పది పదాల వరుసతో మళ్లీ రాయండి.